ఆట ఖర్చు – ఇంటి లెక్క

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల భూమి లేనివారు భూమిని కౌలుకు తీసుకుంటారు. కూరగాయలు పండిస్తారు. కౌలు అంటే ఏమిటో మనకు తెలుసు. పంట మనది. భూమి మనది కాదు. గడువు తీరితే వదిలిపెట్టాలి.

వస్తువులకు కూడా ఇలాగే కిరాయి ఉంటుంది. పెండ్లి వంటకు పెద్ద గిన్నెలు కిరాయికి తెస్తాం. ఒకప్పుడు సైకిల్‌ను గంట లెక్కన కిరాయికి తెచ్చేవాళ్లం. వీసీఆర్‌ను ఒక రాత్రికి తెచ్చి సినిమాలు చూసేవాళ్లం. వాటిని ఎందుకు కొనలేదు? రోజూ అవసరం లేదు కాబట్టి. రోజూ అన్నం వండే గిన్నెను మాత్రం కొన్నాం.

ఇప్పుడు పిల్లలు వీడియో గేమ్ కావాలని అడుగుతున్నారు. ఫోన్‌లో, టీవీలో, కంప్యూటర్‌లో బొమ్మలను కదిలిస్తూ ఆడే ఆటే వీడియో గేమ్. కొనడం మంచిదా? కిరాయి మంచిదా? గిన్నెకు వేసిన లెక్కే దీనికీ వేద్దాం.

కొంటే ఎంత?

టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె ఒకటి ఉంది. దాని పేరు ప్లేస్టేషన్ 5. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. అప్పుడు దాని ధర 49,990 రూపాయలు. పెట్టె ఒక్కటే ఉంటే సరిపోదు. ఆట ఉన్న డిస్కు కూడా కావాలి. అప్పుడు కొత్త ఆట ఒక్కొక్కటి 4,999 రూపాయల దాకా ఉండేది. రెండూ కలిపితే 54,989. అంటే సుమారు 55,000 రూపాయలు.

రోజు కూలి 500 రూపాయలు అనుకుందాం. 55,000ను 500తో భాగిస్తే 110 వస్తుంది. ఒక పెట్టె, ఒక ఆట కోసం 110 రోజుల కూలి. టీవీ ఖర్చు వేరే. కరెంటు ఖర్చు వేరే.

కిరాయికి అయితే ఎంత?

గేమ్ సెంటర్‌లో గంట లెక్కన పైసలు తీసుకుంటారు. గంటకు 60 రూపాయలు అనుకుందాం. పిల్లవాడు ఆదివారం ఆదివారం 2 గంటలు ఆడితే వారానికి 120 రూపాయలు. సంవత్సరానికి 52 వారాలు. 120 × 52 = 6,240 రూపాయలు. ఇలా ఆడితే 55,000 రూపాయలు ఖర్చు కావడానికి దాదాపు 9 ఏండ్లు పడుతుంది. ఎప్పుడో ఒకసారి ఆడేవారికి కిరాయే మేలు.

అదే పిల్లవాడు రోజూ 2 గంటలు ఆడితే? నెలకు 3,600 రూపాయలు. 16 నెలలు తిరగకముందే 55,000 దాటిపోతుంది. అప్పుడు కొనడమే చవక. కానీ రోజూ 2 గంటలు ఆటకు పోతే చదువు ఏమవుతుంది? ఆ లెక్క కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి.

ఇంకో రకం కిరాయి నెల చందా. 2022లో ప్లేస్టేషన్ వాళ్ల చందా అన్నిటికంటే తక్కువది నెలకు 499 రూపాయలు. 12 నెలలకు 5,988. కట్టినన్ని రోజులే చందాతో వచ్చిన ఆటలు నడుస్తాయి. కట్టడం ఆపితే అవి తెరుచుకోవు. కౌలు భూమి లాగే.

ఫ్రీ అయితే ఎంత?

ఎల్లమ్మ అని ఒక తల్లి ఉందనుకుందాం. మేడ్చల్‌లో కూరగాయలు అమ్ముతుంది. ఆమెకు చదువు రానప్పుడు ఫోన్‌లో యూపీఐ కొడుకే పెట్టిచ్చాడు. పిన్ నంబరు కూడా అతనికి తెలుసు. ఒక నెల సంఘం కిస్తు కట్టడానికి 800 రూపాయలు తక్కువ పడ్డాయి. గిరాకీ బాగానే ఉంది. మరి పైసలు ఎటు పోయాయి?

బ్యాంకు మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఎల్లమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ అంకెలు వచ్చు. ఏ భాష మెసేజ్ అయినా అంకెలు ఇవే కదా! ఆమె కాగితం తీసుకొని రాసుకుంది.

29 రూపాయలు 6 సార్లు = 174
89 రూపాయలు 4 సార్లు = 356
299 రూపాయలు 1 సారి = 299
మొత్తం = 829

కొడుకును పిలిచి కాగితం చూపించింది.

"ఇవి ఏం పైసలు బిడ్డా?"

"గేమ్‌లయి అమ్మా. గేమ్ అయితే ఫ్రీనే."

"ఫ్రీ అయితే 829 ఎట్ల పోయినయి?"

"డైమండ్లు కొన్న. అవి ఉంటెనే మంచి డ్రెస్సులు, తుపాకులు వస్తయి."

"ఏవి, ఆ డైమండ్లు చూపియ్యి."

"ఫోన్లనే ఉంటయమ్మా. చేతికి రావు."

ఎల్లమ్మ కోపం చేయలేదు. కొడుకు చేతనే లెక్క చేయించింది. నెలకు 829 అయితే 12 నెలలకు 9,948 రూపాయలు. ఆదివారం గేమ్ సెంటర్ కిరాయి 6,240. ఫ్రీ అన్న ఆటకే 3,708 రూపాయలు ఎక్కువ! కొడుకు తల దించుకున్నాడు. ఎల్లమ్మ ఆ రోజే పిన్ మార్చింది. ఈసారి తన చేతితో తానే మార్చింది.

కొనేటప్పుడు ధర ఒకేసారి కనిపిస్తుంది. భయపడి ఆగుతాం. ఫ్రీ ఆటలో ధర కొంచెం కొంచెంగా వస్తుంది. అందుకే అది కంటికి ఆనదు.

కొన్నది మనదేనా?

డిస్కు కొంటే అది మన చేతిలో ఉంటుంది. ఆడిన తర్వాత సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు. 2,500కు కొని 2,000కు అమ్మితే అసలు ఖర్చు 500 రూపాయలే. డిస్కు లేకుండా ఇంటర్నెట్‌లో దించుకున్న ఆటను అలా అమ్ముకోలేం. అది ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. అమెరికాలో కాలిఫోర్నియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ 2024లో ఒక చట్టం చేశారు. ఇలాంటి ఆటను అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పాలి.

ఏం చేయాలి?

1. యూపీఐ పిన్ ఎవరికీ చెప్పకూడదు. ఇతరులకు తెలిస్తే మార్చుకోవాలి.

2. ఫోన్‌లోని ప్లే స్టోర్‌లో, ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుకోవచ్చు.

3. తెలియక పైసలు పోతే 48 గంటల లోపు గూగుల్ ప్లేలో తిరిగి ఇమ్మని అడగవచ్చు. ప్రతిసారీ ఇవ్వరు. అయినా అడగాలి.

4. నెలనెలా తానే కోసుకునే చందా ఉంటే, పైసలు కోసే ముందు రోజే మెసేజ్ రావాలి. వద్దనుకుంటే అప్పుడే ఆపేయాలి.

5. ఎవరైనా మోసం చేసి పైసలు లాగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఇంకొక మాట. పైసలు పెడితే పైసలు వస్తాయని ఆశపెట్టే ఆటలు ఉన్నాయి. అవి వేరు. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. వాటి జోలికి పోవద్దు.

లెక్క చేయండి

1. గేమ్ సెంటర్‌లో గంటకు 50 రూపాయలు. నెలకు 8 గంటలు ఆడితే ఎంత?

2. రోజుకు 29 రూపాయల చొప్పున 30 రోజులకు ఎంత?

3. పై రెండింటిలో ఏది ఎక్కువ? ఎంత ఎక్కువ?

చర్చించండి

1. మీ ఇంట్లో ఏ వస్తువులు కొన్నారు? ఏవి కిరాయికి తెస్తారు? ఎందుకు?

2. మీ ఫోన్‌లో ఈ నెల వచ్చిన బ్యాంకు మెసేజ్‌లు తెరవండి. అంకెలు చదవండి. ఏ పైసలు దేనికి పోయాయో రాయండి.

3. పిల్లల ఆటకు నెలకు ఎంత ఇవ్వవచ్చు? పిల్లలతో కూర్చొని మాట్లాడండి.