చవుటి నేలలో పైరు: ఉప్పును గుర్తించే తీరు, ఎదుర్కొనే తీరు

పనికిరాని వానిని చవుటి నేలతో పోల్చడం మన సాహిత్యంలో పాత ఆచారం. తెలుగులో చవుడు, ఉర్దూలో ఊసర్, షోర్ అన్న మాటలు మట్టిని గూర్చి పుట్టినవే అయినా మనుషుల మీదికి కూడా ప్రాకినవి. విత్తితే మొలవదు, మొలిచినా పండదు అన్నదే ఈ పోలికలోని సారం. అయితే ఆ నేలలో పడిన విత్తనం ఊరక చనిపోవడం లేదు. అది ఉప్పును గుర్తిస్తున్నది. గుర్తించి, తనకు సాధ్యమైనన్ని విధాల తప్పించుకొన జూస్తున్నది. ఆ ప్రయత్నం ఎట్లా సాగుతుందో శాస్త్రజ్ఞులు గడచిన మూడు నాలుగు దశాబ్దాలలో చాలవరకు కనుగొన్నారు.

మేము భాషా బోధకులమే గాని వృక్షశాస్త్రజ్ఞులము కాము. అయినను మా తరగతులలో కూర్చునే విద్యార్థులలో పలువురు సేద్యగాండ్ర బిడ్డలు. చవుడు అన్నది వారి ఇండ్లలో నిత్యం వినవచ్చే మాట. ఆ మాట వెనుక శాస్త్రం చెప్పే అర్థాన్ని తెలుగులో వివరించడం ఉపయోగకరమని తలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

చవుడు రెండు విధాలు

మన రైతులు పాల చవుడు, కారు చవుడు అని రెండు పేర్లు వాడుతారు. ఈ విభజన శాస్త్రసమ్మతమైనదే. పాల చవుటిలో నీట కరిగే లవణాలు అధికం. ఎండాకాలంలో నీరు ఆవిరై పోగా నేలమీద తెల్లని పొర నిలుస్తుంది. కారు చవుటిలో సోడియం మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉంటుంది. అందుచేత నేల తడిస్తే బంకగా మారుతుంది, ఎండితే రాయివలె బిగుస్తుంది, నీరు ఇంకదు. దాని ఉదజని సూచిక సాధారణంగా 8.5ను మించుతుంది.

మట్టిని నీటితో నానబెట్టి తీసిన ద్రవం ఎంత విద్యుత్తును ప్రసరింపజేస్తుందో కొలిచి ఉప్పు పరిమాణాన్ని నిర్ణయిస్తారు. ఈ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే ఆ నేలను లవణభూమిగా పరిగణిస్తారు. భారతదేశంలో ఇటువంటి చెడిన నేలలు సుమారు 67 లక్షల హెక్టార్లు ఉన్నట్లు అంచనా. సముద్రపు పోటు, ఉప్పుటేరుల నీరు, మురుగు పారుదల లేని కాలువ సేద్యం, ఉప్పునీటి చెరువుల ఊట ఇందుకు ముఖ్య కారణాలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. అంతటితో ఆగక పొలాలలో ఉప్పును విడిచి పోయినది. సముద్రం ఒక్క రాత్రిలో చేసిన పనినే మురుగు సౌకర్యం లేని పొలంలో మన అజాగ్రత్త కొన్ని సంవత్సరాలలో చేయగలదు.

మొక్కకు కలిగే రెండు బాధలు

ఉప్పు మొక్కను రెండు విధాల బాధిస్తున్నది. మొదటిది దాహం. నేల నీటిలో లవణం హెచ్చిన కొద్దీ ద్రవాభిసరణ నియమాన్ని బట్టి ఆ నీరు వేరులోనికి రావడం కష్టమవుతుంది. మడి నిండా నీరున్నా పైరుకు అనావృష్టియే. ఈ బాధ ఉప్పు తగిలిన వెంటనే మొదలవుతుంది.

రెండవది విషం. ఇది నెమ్మదిగా వస్తుంది. కణంలోని అనేక ఎంజైములు పనిచేయడానికి పొటాషియం అవసరం. సోడియం రూపంలో దానిని పోలినదై, దాని స్థానాన్ని ఆక్రమించుకొని పనిని చెరుపుతుంది. నీటితోపాటు పైకెక్కిన సోడియం ఆకులలో నిలిచిపోతుంది, నీరు మాత్రం ఆవిరై పోతుంది. కనుకనే ముందుగా ముదురాకుల కొనలు ఎండుతాయి. లేత ఆకులు పుట్టే వేగం కంటె ముదురాకులు చచ్చే వేగం హెచ్చితే గింజకు ఆహారం సమకూర్చే ఆకు మిగలదు.

గుర్తించే తీరు

నాలుక లేని మొక్క ఉప్పును ఎట్లా ఎరుగును? ఈ ప్రశ్నకు సమాధానం ఎక్కువగా అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్కపై జరిగిన పరిశోధనల వలన లభించినది. కణాన్ని చుట్టి ఉన్న ప్లాస్మాత్వచంలో కాల్షియంకు ద్వారాలున్నాయి. ద్రవాభిసరణ పీడనంలో మార్పు రాగానే తెరచుకొనే ద్వారమొకటి 2014లో బయటపడినది. త్వచంలోని ఒక జాతి కొవ్వు పదార్థాలకు సోడియం తగులుకొన్నప్పుడు కాల్షియం ద్వారాలు తెరచుకొంటాయని 2019లో తెలిసినది. మొదటిది దాహాన్ని, రెండవది సోడియాన్ని గుర్తించే ఏర్పాటని స్థూలంగా చెప్పవచ్చును.

రెండింటి ఫలితమూ కణంలో కాల్షియం పెరగడమే. ఇది కొన్ని క్షణాలలో జరిగిపోతుంది. అంతే గాక, వేరు కొనకు ఉప్పు తగిలితే అక్కడ లేచిన కాల్షియం తరంగం సెకనుకు సుమారు 400 మైక్రోమీటర్ల వేగంతో, అనగా నిమిషానికి రెండున్నర సెంటీమీటర్ల చొప్పున, పైభాగానికి ప్రయాణిస్తున్నట్లు 2014లో గమనించారు. ఉప్పు ఆకును చేరకముందే కబురు చేరుతున్నదన్న మాట. దీనిని మన ఎరుకతో, ఆలోచనతో సమానంగా భావింపరాదు. ఇది రసాయన చర్యల వరుస మాత్రమే.

ఎదుర్కొనే తీరు

కాల్షియం పెరగగానే ఒక ప్రోటీన్ దానిని పట్టుకొని మరొక ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. ఆ రెండవది త్వచంలోని మూడవ ప్రోటీన్‌ను పనికి పురికొల్పుతుంది. ఈ మూడవది సోడియాన్ని వెలుపలికి నెట్టి, బదులుగా హైడ్రోజన్ అయాన్‌ను లోనికి రానిస్తుంది. ఈ మూడింటికి కలిపి సాస్ మార్గమని పేరు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మొక్క కొద్దిపాటి ఉప్పుకే వాడిపోతుంది. వరిలోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది.

వెలుపలికి నెట్టలేని సోడియాన్ని కణం తన మధ్యనున్న రిక్తికలో బంధిస్తుంది. ఇంటిలోని చెత్తను ఒక గదిలో వేసి తాళం పెట్టినట్లు ఇది. కణరసంలో ప్రోలిన్ వంటి హానిలేని పదార్థాలను కూర్చుకొని నీటిని నిలుపుకొంటుంది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి పత్రరంధ్రాలు మూసుకొంటాయి. నీటి ఖర్చు తగ్గుతుంది, కాని దానితోపాటు ఆహార తయారీ కూడా తగ్గుతుంది. టమాట, జొన్న మొలకల వేళ్ళు ఉప్పు ఉన్న వైపు నుండి పక్కకు వంగుతాయని 2013లో నిరూపించారు.

వీటన్నిటిలో పంటకు మిక్కిలి ముఖ్యమైనది ఆకును కాపాడుకోవడం. వేరు నుండి పైకి నీటిని మోసే దారువులో చేరిన సోడియాన్ని దారిలోనే వెనుకకు లాగే ఒక వాహక ప్రోటీన్ ఉన్నది. కేరళ, బెంగాలు తీరాల పాత వరి రకాలలో ఇది సమర్థంగా పనిచేస్తుంది. నోనా బోక్రా అనే రకం నుండి దీని జన్యువును 2005లో గుర్తించారు. ఒక ప్రాచీన గోధుమ జాతి నుండి ఇటువంటి జన్యువునే సంకరణం ద్వారా డ్యూరం గోధుమలోనికి తేగా ఉప్పు నేలలో దిగుబడి 25 శాతం పెరిగినట్లు 2012లో ప్రకటించారు.

ఇచ్చట ఒక విషయం గమనింపదగినది. సోడియాన్ని నెట్టడానికి, బంధించడానికి శక్తి కావలెను. ఆ శక్తి గింజకు చేరవలసినదే. కాబట్టి చవుటిలో పచ్చగా నిలిచిన పైరంతా బాగా పండుతుందని అనుకొనరాదు. బ్రతకడం వేరు, పండడం వేరు.

పంటల తారతమ్యం

1977లో అమెరికా శాస్త్రజ్ఞులు మాస్, హాఫ్‌మన్ పంటల సహనశక్తిని పట్టికగా కూర్చినారు. దాని ప్రకారం వరి 3 డెసీసైమన్ల వరకు తట్టుకొంటుంది; ఆపైన ఒక్కొక్క డెసీసైమన్‌కు 12 శాతం దిగుబడి తగ్గుతుంది. అనగా 6 వద్ద మూడవ వంతుకు పైగా పంట పోయినట్లే. ప్రత్తి 7.7 వరకు, బార్లీ 8 వరకు నష్టం లేక నిలుస్తాయి. వరిలో కూడా వయస్సును బట్టి భేదమున్నది. మొలకెత్తునప్పుడు, పిలకలు వేయునప్పుడు అది ఓర్చుకొంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు, పూత సమయంలో ఓర్వలేదు.

ఈ జ్ఞానంలో కొంత రైతులకు అనుభవం వలన ముందే తెలిసియున్నది. కేరళ తీరాన పొక్కాలి వరిని సాగుచేసేవారు మట్టి దిబ్బలపై మొలకలు పెంచి, తొలకరి వానలు ఉప్పును కడిగిన పిమ్మట పొలమంతటా పరుస్తారు. లేత వయస్సును ఉప్పునుండి తప్పించడమే ఇందులోని మర్మం. మన ప్రాంతంలో చవుటి మడులలో ముదురు నారు నాటుటకు, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టుటకు కారణం ఇదే.

చేయవలసిన పని

పాల చవుటికి మంచినీరు పెట్టి ఉప్పును కరిగించి, మురుగు కాలువ ద్వారా పొలం దాటించాలి. మురుగు దారి లేక నీరు మాత్రమే పెడితే భూగర్భజలం పైకి వచ్చి చవుడు ఇంకా హెచ్చుతుంది. కారు చవుటికి కేవలం నీరు చాలదు, జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం మట్టిని అంటుకొన్న సోడియాన్ని తొలగిస్తుంది. ఆ తరువాత నీటితో కడగాలి. జీలుగను పెంచి పూతకు ముందు కలియదున్నడం కూడా నేలకు మేలు చేస్తుంది. ఏది పాల చవుడో, ఏది కారు చవుడో పరీక్షింపక డబ్బు వెచ్చించిన రైతు రెండు విధాల నష్టపోతాడు.

కావున మా మనవి ఇది. సెలవులకు ఊరు వెళ్ళే విద్యార్థులు తమ పొలం మట్టిని సంచిలో తెచ్చి, వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర శాఖల సహాయంతో ఉదజని సూచికను, వాహకతను కొలువవలెను. ఫలితాన్ని తెలుగులోనో ఉర్దూలోనో ఒక కాగితంపై వ్రాసి ఇంటి పెద్దలకు చదివి వినిపింపవలెను. ఇందుకు కావలసిన చిన్న పరికరాలను సమకూర్చుటకు కళాశాల కమిటీ పెద్దలు పూనుకొనగలరని ఆశిస్తున్నాము. పట్టా చేతికి వచ్చునాటికి పొలం చేజారిపోయిన కుటుంబాలు మనలోనే ఉన్నవి. నేల గుణం వేళకు తెలిసి ఉంటే వాటిలో కొన్ని నిలిచేవి. చవుటి నేలను తిట్టుగా వాడే మన భాషలు రెండూ, ఆ నేలను బాగుచేసే విద్యకు కూడా పనికిరావలెనని మా కోరిక.