వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మాత్ర



పొద్దున లేవగానే పిడికిలి బిగించలేక, కీళ్లవాతంతో బాధపడే పెద్దలకు డాక్టర్లు తరచుగా రాసే మందు మెథోట్రెక్సేట్. మంచి మందు. మంచాన పడవలసిన వారు ఎందరో దీనివల్ల తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారు. కాని కీళ్లవాతానికి దీనిని వారానికి ఒక్కరోజే వాడాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పొరపాటు ఎలా జరుగుతుందో చూడండి. దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. రెండూ చాలాసార్లు చిన్న పసుపుపచ్చ మాత్రలే. చూపు ఆనని అవ్వ ఒకదానికి బదులు ఇంకొకటి మింగుతుంది. బి.పి., షుగరు మాత్రలు రోజూ వేసుకునేవే కదా, ఇదీ అంతే అనుకునేవారూ ఉన్నారు. ఇంట్లోవాళ్లు పంట తీసుకొని కేసముద్రం మార్కెట్ యార్డుకు పోతే చీటీ చదివి చెప్పేవారే ఉండరు.

ఈ రెండు మందుల వెనుకా మన తెలుగువాడే ఉన్నాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. తరువాత దానికి అడ్డుపడే మందులను కూడా అక్కడే రూపొందించారు. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. మొదట ఇటువంటి మందులను వాడింది రక్త క్యాన్సర్‌కు.

ఆ అడ్డుపడే గుణమే మోతాదు మించితే విషమవుతుంది. ఎముకల మూలుగలో రక్తకణాలు తయారు కావాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అది అందకపోతే తెల్లకణాలు తగ్గి జ్వరం, గొంతునొప్పి వస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ల నుండి రక్తం కారుతుంది, ఒంటిమీద కమిలిన మచ్చలు పడతాయి. తరచుగా వీటికంటే ముందే నోరంతా పూస్తుంది. "వేడి చేసింది" అని మజ్జిగ తాగించి ఊరుకోకండి.

వయసు మీద పడితే మూత్రపిండాల పని తగ్గి మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. కాబట్టి సరిగ్గా వారానికి ఒకసారే వాడుతున్న వారికి కూడా ఈ ముప్పు రావచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు డాక్టరును అడగకుండా ఈ మాత్ర వేయవద్దు. నొప్పి బిళ్లలు సొంతంగా కొనవద్దు. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే మరీ ప్రమాదం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మెథోట్రెక్సేట్ వాడుతున్న సంగతి ముందే చెప్పండి.

పై లక్షణాలు కనిపించినా, పొరపాటున రోజూ వేసుకున్నారని తెలిసినా మాత్ర ఆపి, అట్టలన్నీ సంచిలో వేసుకొని ఆ రోజే ఆసుపత్రికి రండి. రక్తపరీక్ష చేసి, అవసరమైతే వరంగల్ పెద్దాసుపత్రికి పంపుతాము. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. అది ఎంత త్వరగా పడితే అంత మేలు. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు నాలుగు ఎక్కువ మింగిస్తే ఆ పని జరగదు.

మాత్ర రోజును ఆదివారంగా పెట్టుకుంటే గుర్తుంటుంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో "ఆదివారం మాత్రమే" అని పెద్ద తెలుగు అక్షరాలతో రాయండి. చదువు రాని వారికైతే కోడలో, మనవడో ఆ ఒక్కరోజు చేతికివ్వాలి. మిగతా రోజులు అట్ట వారి దగ్గర ఉండకూడదు.