శీనూ, ముందు మళ్ళీ పరీక్ష చేయించు



నువ్వు పంపిన హెల్త్ చెకప్ రిపోర్టు చూశాను. షుగరు, కొలెస్ట్రాల్ బాగానే ఉన్నాయి. పీఎస్‌ఏ 5.6 అన్నచోటే నీకు గుండె జారిపోయిందని ఫోన్‌లో నీ గొంతే చెప్పింది. సోమవారం బయాప్సీ, కేన్సరని తేలితే వెంటనే ఆపరేషన్ అంటున్నావు. ఇలాంటి కాగితం పట్టుకుని వణుకుతూ వచ్చినవాళ్ళను ఆసుపత్రిలో చాలామందిని చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పీఎస్‌ఏ ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్. కేన్సర్ లేని గ్రంథి కూడా దాన్ని తయారుచేస్తుంది. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. 4 నుంచి 10 మధ్య వచ్చినవాళ్ళకు బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే కేన్సర్ కనిపిస్తుంది. అందుకని నెలా నెలన్నర ఆగి, అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయించు. ముందు మూత్ర పరీక్ష చేయించు. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు సైకిల్ తొక్కకు, వీర్యస్ఖలనం కూడా కాకూడదు. జుట్టు రాలుతోందని వేసుకున్న ఫినాస్టెరైడ్ మాత్ర ఇంకా వాడుతున్నావా? అది పీఎస్‌ఏను దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

రెండోసారీ ఎక్కువే వస్తే, బయాప్సీకి ముందు ఎమ్మారై అడుగు. అందులో అనుమానించేది ఏమీ లేకపోతే చాలామందికి సూది అక్కర్లేకుండానే గడిచిపోతుంది. బయాప్సీ తప్పదంటే మలద్వారం గుండా కాకుండా, దాని ముందున్న చర్మం గుండా చేస్తారేమో కనుక్కో. ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ.

ఇక అసలు విషయం. కేన్సర్ అనగానే కోసి తీసేయాలనిపిస్తుంది. ప్రొస్టేట్‌లో పుట్టేవాటిలో చాలా భాగం ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే, మనిషి వేరే కారణంతో పోయేదాకా వాటి ఉనికే తెలియదు. ఐరోపాలో లక్షన్నరకు పైగా మగవాళ్ళను 23 ఏళ్ళు గమనించారు. పీఎస్‌ఏ పరీక్షలకు పిలిచినవాళ్ళలో, పిలవనివాళ్ళతో పోలిస్తే, ఈ జబ్బుతో చావులు 13 శాతం తగ్గాయి. అది చిన్న మేలు కాదు. కానీ ఒక్క చావు తప్పడానికి 456 మందిని పిలవాల్సి వచ్చింది, 12 మందికి అదనంగా కేన్సర్ ఉందని చెప్పాల్సి వచ్చింది. అలా కేన్సరని తేలిన మిగతావాళ్ళ బతుకు గురించి కూడా ఆలోచించాలి కదా!

ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మూత్రం ఆపుకోలేని బాధ చాలాకాలం ఉండిపోతుంది. ముగ్గురిలో ఇద్దరికి అంగస్తంభన సమస్య మిగులుతుంది. బాబాయి ఇలాంటివి రాశాడేమిటని మొహమాటపడకు. సంతకం పెట్టే ముందు నువ్వూ మా కోడలూ కలిసి మాట్లాడుకోవాల్సినవి ఇవే.

బ్రిటన్‌లో గ్రంథి దాటని కేన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లుగా చేసి ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్ ఇచ్చారు. మూడో జట్టును చికిత్స లేకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉన్నారు. పదిహేనేళ్ళకు ఏ జట్టులోనూ ఈ కేన్సర్‌తో పోయినవాళ్ళు నూటికి ముగ్గురు నలుగురికి మించలేదు. అయితే ఈ మూడో జట్టులో జబ్బు వేరేచోటికి పాకినవాళ్ళు నూటికి తొమ్మిది మంది, తక్కిన రెండు జట్లలో ఐదుగురు. అందుకే బయాప్సీలో కేన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 6 వస్తే కత్తికి తొందరపడవద్దు, గడువు తప్పకుండా పరీక్షలకు మాత్రం వెళ్ళు. 8, ఆపైన వస్తే ఒక్క వారం కూడా నాన్చకు. ఎముకలకు పాకాక నడుంనొప్పితో ఆసుపత్రికొచ్చే మగవాళ్ళు మన దగ్గర తక్కువేమీ కాదు. పరీక్ష వద్దని నేను అనడం లేదు.

మా అన్నదమ్ముల్లో ఎవరికీ, మీ తాతయ్యకూ ఈ జబ్బు లేదు. మీ అమ్మవైపు ఎవరికైనా రొమ్ము కేన్సర్, అండాశయ కేన్సర్ వచ్చాయేమో అడుగు. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంటే ప్రొస్టేట్ కేన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

పనిలో పని నాన్నకూ ఈ పరీక్ష చేయిస్తానన్నావు. వద్దు. అన్నయ్యకు 79 ఏళ్ళు, గుండెలో స్టెంట్ ఉంది, మూత్రం ఇబ్బందేమీ లేదు. అమెరికా నిపుణుల సంఘం 2018లో 55 నుంచి 69 ఏళ్ళవాళ్ళను డాక్టరుతో మాట్లాడి సొంతంగా నిర్ణయించుకోమంది, 70 దాటితే ఈ పరీక్షే వద్దంది. మూత్రంలో రక్తం పడినా, ఎముకల్లో నొప్పి వచ్చినా అది వేరే సంగతి, అప్పుడు చూపిద్దాం.

సోమవారం అపాయింట్‌మెంట్ ఈ రోజే వాయిదా వేయించు. అన్నయ్య ప్యాకేజీలోంచి పీఎస్‌ఏ తీసేయమని ల్యాబ్‌వాళ్ళకు చెప్పు. రెండో రిపోర్టు రాగానే నాకు పంపు, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.

మీ బాబాయి