ఒంటరివాడి లెక్క

నారాయణగూడ,
కార్తీక మాసం



అశోక్‌నగర్‌లో నీ గదికీ, చిక్కడపల్లి లైబ్రరీకీ మధ్య గ్రూప్స్ పుస్తకాలతో తిరిగి తిరిగి విసిగావనీ, సైకిలుకు సంచులు కట్టుకుని ఒక్కడివే ఆదిలాబాద్ అడవుల దారి పడతాననీ రాశావు. మీ అమ్మ వద్దంటోంది. నేను వద్దనను. కానీ మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఒక్క రోజులో ఉట్నూరు చేరాలన్న నీ పథకాన్ని మాత్రం ఒప్పుకోను. తోడు ఉన్నవాడికి ఆపదలో ఇంకో జత చేతులు, ఇంకో బుర్ర ఉంటాయి. ఒంటరివాడికి ఆ స్థానంలో ఉండేది మిగులు సమయమే. అది మిగలాలంటే దూరం తగ్గించుకోవాలి.

లెక్క చూడు. ఈ రోజుల్లో పగలు పదకొండు గంటల పైచిలుకు. పొద్దున మంచు విడిచేసరికి ఎనిమిది అవుతుంది. సాయంత్రం నాలుగున్నరకల్లా బస చేరాలి. చేతికి దక్కేవి ఎనిమిదిన్నర గంటలు. బరువు కట్టిన సైకిలు గంటకు 12 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, ఉట్నూరు దాకా ఉన్న సుమారు 100 కిలోమీటర్లకు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మిగిలేది పది నిమిషాలు. ఒక్క పంక్చరుకే అది చాలదు. జన్నారం దాకా సుమారు 60 కిలోమీటర్లే. ఐదు గంటల్లో చేరతావు, మూడున్నర గంటలు చేతిలో ఉంటాయి. టీ తాగడానికైనా, ట్యూబు మార్చడానికైనా, అడవిని తీరిగ్గా చూడడానికైనా వాడుకోవలసింది వాటినే.

చలి సంగతీ అంతే. ఆ ప్రాంతంలో శీతాకాలపు రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన బనీను, దిగేటప్పుడు గాలికి ఒంటిని గడ్డకట్టిస్తుంది. వణుకు ముదిరేకొద్దీ ఆలోచన మందగిస్తుంది, ఆ మందగింపు తనకు తానుగా తెలియదు. పక్కన మనిషుంటే ఆపుతాడు. ఒక్కడివే అయితే వణుకు మొదలు కాకముందే ఆగి, కవరులో కట్టుకున్న పొడి బట్టలు మార్చుకోవాలి. తొందరలో ఉన్నవాడు అలా ఆగడు.

‘ఫోను ఉందిగా’ అంటావు. అడవిలో అన్నిచోట్లా సిగ్నల్ అందదు. అందినా 108 వచ్చేదాకా చలిలో కూర్చోవలసింది నువ్వే. ‘గోండులు, కొలాములు ఆ దారుల్లో ఒంటరిగా నడవడం లేదా’ అనీ అడగవచ్చు. నడుస్తారు, తమకు తెలిసిన దారిలో. అక్కడి జనానికీ ముప్పు తప్పడం లేదు: 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ణి, 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో ఒక యువతిని పులి చంపింది. అవి నీ దారికి దూరమే, అయినా పగటి వెలుగు ఒక్కటే రక్ష కాదని చెబుతున్నాయి. అందుకే తారురోడ్డు వదలకు, వాగు పక్క పొదల్లోకి దిగకు. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రిజర్వు అయిన కవ్వాల్ మీదుగానే నీ దారి; అక్కడ పబ్లిక్ రోడ్డు దాటి లోపలికి పోవడానికి చట్టప్రకారం అనుమతి కావాలి. గుడారం వేసే ఆలోచన మానుకో. జన్నారంలో పర్యాటక శాఖవారి హరిత వసతి ఉంది, ముందే బుక్ చేసుకో.

‘60 కిలోమీటర్లూ ఒక ప్రయాణమేనా, బ్రెవేల్లో, అంటే గడువు పెట్టి నడిపే దూరపు సైకిలు యాత్రల్లో, 200 తొక్కుతున్నారు’ అని నీ స్నేహితులు నవ్వవచ్చు. నిజమే, 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. కానీ అక్కడ పేరు నమోదవుతుంది, దారిలో తనిఖీ చోట్లు (కంట్రోళ్లు) ఉంటాయి, ముందూ వెనకా తొక్కేవాళ్లుంటారు. ఆ అంకె తెచ్చి ఒంటరి అడవి దారికి తగిలించడం తప్పు. ఇంత లెక్క వేస్తే సాహసం ఏం మిగిలిందంటావేమో. చీకటి తరుముతుంటే తలవంచుకుని తొక్కేవాడికి రోడ్డు తప్ప ఏమీ కనిపించదు. టేకు చెట్లను తలెత్తి చూసే తీరిక నీకుండాలనే ఈ లెక్కంతా.

కాబట్టి ముందు రాత్రే మంచిర్యాలలో దిగు. ఏ ఊరు ఎన్నింటికి దాటాలో కాగితం మీద రాసి, ఒక ప్రతి మీ అమ్మకివ్వు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా లక్సెట్టిపేట దాటకపోతే ఆ రోజుకు అక్కడే ఆగిపో. ఈ ఒక్క షరతుకు ఒప్పుకుంటే, మీ అమ్మను ఒప్పించే పూచీ నాది.

ఇట్లు,
నీ మామయ్య