మాస్క్ లీకైతే పట్టీ బిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది ముదిగుబ్బ. స్లీప్ ఆప్నియాకి మా ఆయన రోజూ సీపాప్ పెట్టుకుంటున్నారు. అయినా మాస్క్ పక్కల నుంచి గాలి బుసకొడుతోంది, గురక మళ్లీ మొదలైంది. మిషన్‌లో ఏహెచ్‌ఐ 14 చూపిస్తోంది. ప్రెషర్ పెంచాలా?

జవాబు: ప్రెషర్ జోలికి ఇప్పుడే వెళ్లకండమ్మా. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అన్న లెక్కే ఏహెచ్‌ఐ. చికిత్సలో అది 5 లోపు ఉండాలి. గాలి బాగా లీకైన రాత్రి మాత్రం ఆ అంకెను పూర్తిగా నమ్మలేం.

పట్టీలు మరీ బిగిస్తే సిలికాన్ కుషన్ నలిగి ముక్కు పక్కన మడత పడుతుంది, గాలి అక్కడి నుంచే పోతుంది. ఆయన్ని పడుకోబెట్టి, మిషన్ ఆన్ చేసి, మాస్క్‌ను ముఖం నుంచి కాస్త పైకి లాగి వదలండి. కుషన్ ఉబ్బి సర్దుకున్నాకే పట్టీలు రెండువైపులా సమానంగా బిగించండి. ముఖానికి జిడ్డు, కొబ్బరినూనె ఉంటే మాస్క్ జారుతుంది, కడుక్కోమనండి. ఒత్తు మీసమూ కారణం కావచ్చు. మాస్క్ ముందున్న చిన్న రంధ్రాల గాలి లీక్ కాదు, వదిలిన ఊపిరి పోయే దారి. వాటిని ఎప్పుడూ మూయకండి.

పొద్దున నోరు పిడచకట్టుకుపోతుంటే గాలి నోటి గుండా పోతోందని అనుమానించాలి. ముక్కు దిబ్బడకు చికిత్సో, నోరూ ముక్కూ కప్పే మాస్కో డాక్టర్ చెబుతారు. మీవైపు దుమ్ము ఎక్కువ, ఫిల్టర్ వారం వారం చూడండి.

లీక్ ఆగాకా ఏహెచ్‌ఐ తగ్గకపోతే మిషన్ రిపోర్టు డాక్టర్‌కు చూపించండి. గొంతు మూసుకుపోవడం వేరు, మెదడు నుంచి సంకేతం రాక ఊపిరి ఆగడం వేరు. రెండోదానికి ప్రెషర్ పెంచితే కొందరిలో ఇంకా ముదురుతుంది. పగలు కునుకు పడుతున్నంత కాలం కదిరి రోడ్డు మీద ఆయన్ని బండి నడపనివ్వకండి.