రోజుకు పన్నెండు బిందెల వడపోత

మీది ఆమడగూరు వంటి మెట్ట ఊరు అయితే నీటి పొదుపు గురించి మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే అంతకన్నా గట్టిగా నీరు పొదుపు చేసే అవయవాలు మీ శరీరంలోనే ఉన్నాయి. ఎండలో ఆడి వచ్చిన రోజున మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. చల్లని రోజున ఎక్కువగా, దాదాపు రంగు లేకుండా వస్తుంది. ఎందుకో తెలుసుకుందాం.

వడపోత

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు చెరొక పక్క, చిక్కుడు గింజ ఆకారంలో రెండు మూత్రపిండాలు ఉంటాయి. పెద్దవారిలో ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పైన కాలేయం ఉండడం వల్ల కుడి మూత్రపిండం కొంచెం కిందికి ఉంటుంది.

ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో గిన్నెలాంటి బౌమన్ గుళిక, అందులో సన్నని రక్తనాళాల గుచ్ఛం ఉంటాయి. రక్తకణాలు, ప్రోటీన్లు నాళాల్లోనే ఉండిపోతాయి. నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా గుళికలోకి దిగుతాయి. ఇలా రోజుకు దిగే ద్రవం దాదాపు 180 లీటర్లు. అంటే 15 లీటర్ల బిందెలు పన్నెండు!

పొదుపు

అంతా బయటికి పోతే మనం ఒక్క పూట కూడా బతకలేం. మెలికలు తిరిగిన నాళికలు గ్లూకోజునంతా, నీటిలో సుమారు 99 శాతాన్ని తిరిగి రక్తానికి అప్పగిస్తాయి. మిగిలేది లీటరున్నర. అదే మూత్రం. అది మూత్రనాళాల గుండా మూత్రాశయానికి చేరుతుంది.

చెమట పట్టి రక్తంలో నీరు తగ్గితే మెదడు ఆ సంగతి కనిపెడుతుంది. పీయూష గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. దాని ఆజ్ఞతో సంగ్రహణ నాళాలు మరింత నీటిని వెనక్కు తీసుకుంటాయి. రంగునిచ్చే పదార్థం తక్కువ నీటిలో ఉండడం వల్ల మూత్రం ముదురు పసుపుగా కనిపిస్తుంది.

అయితే ఈ పొదుపుకూ హద్దు ఉంది. మలినాలను పంపడానికి రోజుకు కనీసం అర లీటరు నీరు ఖర్చు కావలసిందే.

పుట్టుకతో వచ్చిన ఆస్తి

తల్లి గర్భంలో మూత్రపిండాలు ఒక జత కాదు, ఒకదాని తరువాత ఒకటిగా మూడు జతలు ఏర్పడతాయి. మొదటి రెండూ కరిగిపోతాయి. అయిదో వారంలో పొత్తికడుపు అడుగున మొదలైన మూడో జతే క్రమంగా పైకి చేరి నిలుస్తుంది. తొమ్మిదో నెలకల్లా నెఫ్రాన్ల తయారీ ఆగిపోతుంది. ఆ తరువాత కొత్తవి పుట్టవు. చాలా నెఫ్రాన్లు నశించే వరకు నొప్పి గాని, బాధ గాని తెలియకపోవచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరో ఇలాగే వ్యాధి ముదిరాక డయాలసిస్ పాలయ్యారు. అక్కడి వ్యాధికి అసలు కారణం ఇంకా తేలలేదు. 2023లో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

కాబట్టి బడికి నీళ్ళ సీసా మరవకండి. మూత్రం ఆపుకోకండి. వైద్యుడు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగకండి. రేపు ఉదయం లేవగానే వచ్చిన మూత్రం రంగును, మధ్యాహ్నం నీళ్ళు బాగా తాగాక వచ్చిన దాని రంగును పోల్చి చూడండి. తేడాకు కారణం ఇప్పుడు మీరే చెప్పగలరు.