కంఠమణిని చెక్కించుకోవచ్చునా?

మగవారి మెడ ముందు పొడుచుకు వచ్చే కంఠమణి రోగం కాదు. స్వరపేటికకు డాలులా నిలిచిన మృదులాస్థి పలకలు రెండు అక్కడ కలుస్తాయి. యుక్తవయస్సులో టెస్టోస్టిరోన్ వల్ల మగవారిలో ఆ కోణం సుమారు 90 డిగ్రీలకు వస్తుంది. ఆడవారిలో సుమారు 120. మా మేడ్చల్ వైపు కొందరు దీన్ని థైరాయిడ్ వాపనుకొని హడలిపోతారు గానీ, ఆ గ్రంథి ఇంకా కిందకుంటుంది.

శామీర్‌పేట నుంచి నాతో బస్సులో వచ్చే మిత్రుడొకడు మండుటెండలో కూడా కాలరు గుండీ విప్పడు. ఆపరేషన్ చేయించుకుంటానంటాడు. వాడి బాధను నవ్వులాటగా తీసుకోలేను.

అందం కోసం చేసే ఈ శస్త్రచికిత్సను 1975లో వుల్ఫర్ట్, ప్యారీ అనే వైద్యులు వివరించారు. మెడ ముడతలో చిన్న కోత పెట్టి, కండరాలను పక్కకు జరిపి, పలకల పై అంచును చెక్కుతారు. వయస్సు మీరి అది ఎముకగా గట్టిపడితే మరతో అరగదీస్తారు. చిక్కల్లా లోపలివైపే. స్వరతంత్రుల ముందు కొసలు ఆ పలకల వెనుక, ఇంచుమించు నడిమిభాగాన అతుక్కొని ఉంటాయి. అత్యాశతో అక్కడిదాకా చెక్కితే పట్టు ఊడి, గొంతు శాశ్వతంగా మారిపోవచ్చు. అందుకే కొందరు సర్జన్లు గొంతులోకి కెమెరా దింపి, బయటినుంచి సూది గుచ్చి ఆ చోటు గుర్తుపట్టాకే కత్తి పట్టుకుంటారు. అందువల్ల మెడ పూర్తిగా చదునవుతుందన్న హామీ ఉండదు. సరిగ్గా జరిగితే స్వరం మారదు, సన్నబడదు. కొన్నాళ్ళు మాత్రం బొంగురుగా ఉండవచ్చు.